బొమ్మ కన్ను ఊడింది, ఆడబిడ్డ మాట మానేసింది

కావలి దగ్గర ఒక పల్లె నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వెయ్యొద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. భర్త రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తారు. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడతారు. కత్తిరించగా మిగిలిన ముక్కలు సంచుల్లో పేరుకుపోతుంటే, తన పాప చిన్నప్పుడు వాటితో ఒక ఏనుగును కుట్టారు. చూసినవాళ్ళు అడగడంతో కుందేళ్ళు, చేపలు, బంతులు కూడా కుట్టి ఇవ్వడం అలవాటైంది. వీధిలో ఐదారు ఇళ్ళకు అలా ఇచ్చారట. పోయిన ఏడాది ఆడబిడ్డ బిడ్డను ఉయ్యాలలో వేసిన రోజున, బంగారం పెట్టే స్తోమత లేక, నాలుగు బొమ్మలు కుట్టి తీసుకెళ్ళారు. అందరూ మెచ్చుకున్నారు.

బిడ్డకు ఎనిమిదో నెల వచ్చాక, ఏనుగుకు కన్నుగా కుట్టిన చొక్కా గుండీ ఊడి బిడ్డ నోట్లోకి పోయింది. అప్పుడు అక్కడే ఉన్న అత్తగారు చూసి వెంటనే వేలితో బయటికి తీశారు. బిడ్డకు ఏమీ కాలేదు. మరుసటి రోజు బొమ్మలన్నీ ఒక క్యారీ బ్యాగులో తిరిగొచ్చాయి. రెండు నెలలుగా ఆడబిడ్డ ఫోన్ ఎత్తడం లేదు. "గుడ్డ పేలికలు తెచ్చి పసిబిడ్డ నోట్లో పెడితివే" అని అత్త అందరి ముందూ అన్నారు. "ఇంక ఆ బొమ్మల జోలికి పోవద్దు" అని భర్త అంటున్నారు.

సరిగ్గా ఈ సమయంలోనే నెల్లూరులో పసిపిల్లల సామాన్లు అమ్మే ఒక షాపు యజమాని, ఎవరింట్లోనో అలాంటి ఏనుగును చూసి, వంద కావాలనీ ఒక్కోదానికి 60 రూపాయలు ఇస్తాననీ కబురు పెట్టారు. ఒక ఏనుగుకు రెండు గంటలు పడుతుందనీ, అంత సమయంలో ఒక లైనింగ్ బ్లౌజు పూర్తవుతుందనీ, దానికి 250 తీసుకుంటాననీ ఆమే రాశారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. పక్కింట్లో కుందేలు చెవిని చూసి ఒక కస్టమర్ "ఇది నా పెళ్ళి బ్లౌజు ముక్క కదా" అన్నదట.

"ఆ రోజు గుర్తొస్తే చేతులు వణుకుతాయి. మిషన్ మీద బ్లౌజు తప్ప ఇంకేమీ పెట్టలేకపోతున్నాను. బొమ్మలు మానెయ్యాలా? ఆడబిడ్డతో ఎలా మాట్లాడాలి? ఆ ఆర్డరు ఒప్పుకోవాలా?" అని అడిగారు.

అమ్మా,

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. వాటికంటే ముందు చెయ్యాల్సిన పని మీ ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో ఉంది. వీధిలో ఐదారు ఇళ్ళకు బొమ్మలు ఇచ్చానని రాశారు. వాటి కళ్ళు దేనితో పెట్టారు? గుండీలతోనో పూసలతోనో అయితే, ఈ సమాధానం చదవడం ఆపి చిన్న కత్తెర తీసుకుని ఆ ఇళ్ళకు వెళ్ళండి. జరిగిందేమిటో ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్ళ ముందే గుండీలు కోసెయ్యండి. లేదా బొమ్మను వెనక్కి తెచ్చుకుని కళ్ళు దారంతో కుట్టి మళ్ళీ ఇవ్వండి. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయిపోయారని వదిలెయ్యకండి. మన ఇళ్ళలో బొమ్మలూ బట్టలూ ఉయ్యాలలూ ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు చేతులు మారుతూనే ఉంటాయి.

ఇలా ఇల్లిల్లూ తిరిగితే ఊరంతా తెలుస్తుందని మీకు జంకు ఉండొచ్చు. తెలుస్తుంది. "నా బొమ్మలో ఈ లోపం ఉంది, సరిచేసి ఇస్తాను" అని మీ నోటితో తెలియడం వేరు, "ఆమె బొమ్మ వల్ల బిడ్డకు గండం తప్పింది" అని ఇంకొకరి నోటితో తెలియడం వేరు. పైగా మీ చేతులు వణకడానికి సగం కారణం ఇదే అయ్యుండాలి. ఇంకా కొన్ని గుండీలు ఎక్కడెక్కడో ఉన్నాయని మీ మనసుకు తెలుసు.

ఇక బొమ్మలు మానెయ్యాలా అన్న మాట. అత్తగారు గుడ్డ పేలికలన్నారు, భర్త బొమ్మలే వద్దన్నారు. మీరేమో మీ చేతినే అనుమానిస్తున్నారు. ప్రమాదం తెచ్చింది మాత్రం గుండీ. గుడ్డలో దోషం లేదు, మీ కుట్టులోనూ లేదు. బ్లౌజు గుడ్డ పలచన. దాని మీద ఒకేచోట నాలుగు పోగులతో గుండీ కుడితే, పళ్ళొచ్చే బిడ్డ రోజూ నమిలి, తడిపి, లాగేసరికి దారం తెగకపోయినా గుడ్డే చినుగుతుంది. ఎంత గట్టిగా కుట్టినా అంతే. అందుకే మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకు గుండీలు, పూసలు, చమ్కీలు అసలు వాడకూడదు. సేఫ్టీ కళ్ళు అని ఆన్‌లైన్లో అమ్మే ప్లాస్టిక్ కళ్ళు కూడా ఇలాంటి పలచటి గుడ్డకు వద్దు. వాటి కాడ దూరే రంధ్రం వాడకంలో పెద్దదై, కన్ను వెనక బిగించే వాషర్‌తో సహా బయటికి రావచ్చు.

బొమ్మల భద్రతకు ఒక కొలత ఉంది. 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదీ మూడేళ్ళలోపు పిల్లల బొమ్మ నుంచి ఊడి రాకూడదు. పిల్లల గొంతుకు అడ్డుపడే సైజును బట్టి పెట్టిన కొలత అది. చొక్కా గుండీ అందులో మూడో వంతు ఉంటుంది. మీరు కన్ను, ముక్కు, నోరు దారంతోనే ఎంబ్రాయిడరీ చెయ్యండి. బొమ్మ కుట్టకముందే, ముక్కగా ఉన్నప్పుడే ముఖం కుట్టుకుంటే దారం ముడులన్నీ లోపలివైపు ఉండిపోతాయి.

మీరు మళ్ళీ కుడతానంటే మార్చుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కుట్టేవారు కాబట్టి వివరంగానే చెబుతాను.

ముక్కలు ఏరేటప్పుడు పాప్లిన్, టూ బై టూ రూబియా, నూలు లైనింగ్ ముక్కలు పక్కకు తియ్యండి. జరీ గీసుకుంటుంది. మగ్గం వర్క్ ముక్కల్లో పూస రాలుతుంది. జార్జెట్, క్రేప్ అంచులు పోగులు ఊడి కుట్టు జారుతుంది. ఇవి మూడూ పసిపిల్లల దగ్గరికి వద్దు. ఉంచుకున్న ముక్కల్ని ముందు ఉతకండి. గంజి పోతుంది, కుదించుకోవాల్సింది కుదించుకుంటుంది. తర్వాత తడిపిన తెల్లగుడ్డతో ఒక్కో ముక్కనూ గట్టిగా రుద్దండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముక్క పక్కన పెట్టెయ్యాలి, ఎందుకంటే బిడ్డ దాన్ని చప్పరిస్తుంది. ఎర్ర ముక్కలు, ముదురు నీలం ముక్కలు ఈ పరీక్షలో తరచుగా తప్పుతాయి.

లోపల ఏం కూరుతున్నారో మీరు రాయలేదు. చాలామంది మిగిలిన సన్న పీలికలనే కూరేస్తారు. దాంతో బొమ్మ బరువెక్కుతుంది, గడ్డకడుతుంది, లోపల తడి ఆరదు. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. ఆ నెలల్లో ఉతికిన పీలికల బొమ్మ లోపల బూజు పడుతుంది, బయటికి కనబడదు. మామూలు దూదిదీ అదే కథ. బూరుగు దూది మెత్తగానే ఉంటుంది గానీ సన్నటి నూగు ఎగురుతుంది, ఉతకడానికి పనికిరాదు. దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్ దూది కొనండి. ఉతికినా తొందరగా ఆరుతుంది. మీకు నిజంగా చేతినుంచి పడే ఖర్చు ఇదొక్కటే, దీని దగ్గర పొదుపు చెయ్యకండి. థర్మోకోల్ గింజలు మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

కుట్టు సన్నగా, చుట్టూ రెండుసార్లు వెయ్యండి. బ్లౌజుకు వదిలినట్టే బొమ్మకూ సెంటీమీటరు మార్జిన్ వదలండి. చిన్న బొమ్మే కదా అని తగ్గిస్తే, తిరగేసి దూది కూరేటప్పుడే అంచు దగ్గర విచ్చుకుంటుంది. వంపుల దగ్గర చిన్నచిన్న గాట్లు పెట్టేటప్పుడు కత్తెర మొన కుట్టుదాకా పోకూడదు. చెవులు, తోక, తొండం పైన అతికించినట్టు కాకుండా రెండు ముక్కల మధ్యలో పెట్టి కుట్టుతో కలిపి పట్టించండి. దారాలు, రిబ్బన్లు వేలాడనివ్వకండి. గజ్జెలు, గిలక్కాయ గింజలు కూడా మానేస్తే మంచిది.

చివర్లో బొమ్మను రెండు చేతులా పట్టుకుని లాగి చూడండి. మెత్తటి బొమ్మల కుట్టును ప్రమాణాల ప్రకారం పరీక్షించేటప్పుడు సుమారు ఏడు కిలోల బరువు వేలాడినంత బలంతో లాగుతారు. మీరు కూడా మొహమాటపడకుండా లాగండి. ఇంకొక్క విషయం, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. బొమ్మల పనికి కూర్చునే ముందు గుండుసూదులు, చేతిసూదులు లెక్కపెట్టుకోండి. లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా, ఆ రోజు కుట్టిన బొమ్మల్లో ఒక్కటి కూడా గడప దాటకూడదు. పాత స్పీకరులో ఉండే అయస్కాంతం ఒకటి దొరికితే ప్రతి బొమ్మ మీదా తిప్పి చూడొచ్చు.

ఇంత చేసినా బొమ్మ ఇచ్చేటప్పుడు తల్లికి ఒక మాట చెప్పాలి. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు ఉయ్యాలలో, పక్కలో మెత్తటి బొమ్మలేవీ ఉంచకూడదు. ముఖానికి అడ్డుపడితే అంత చిన్నబిడ్డ పక్కకు తోసుకోలేదు. మెలకువగా, పెద్దవాళ్ళు చూస్తుండగా ఆడుకోవడానికే బొమ్మ. ఎవరైనా ఆవాల దిండు కుట్టివ్వమంటే కూడా ఇదే చెప్పండి. మొదటి ఏడాది బిడ్డకు దిండే వద్దంటారు పిల్లల డాక్టర్లు. ఆవాలు బయటపడితే అదింకో ప్రమాదం.

బొమ్మలు పూర్తిగా మానేసే దారీ ఉంది, అందులో తప్పేమీ లేదు. అది మీ ఇష్టం మీద జరగాలి. ఆడబిడ్డ కోపం తగ్గాలని మానేస్తే, ఆ కోపం తగ్గకపోయిన రోజున మీకు పనీ ఉండదు, బంధుత్వమూ దక్కదు. రెండూ వేరువేరు సంగతులు.

ఆడబిడ్డ విషయానికొస్తే, ఆమె ఆ గుండీని ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు మనసులో చూసి ఉంటుందో ఆలోచించండి. తొలిచూలు బిడ్డ తల్లి. "అమ్మ ఆ క్షణంలో అక్కడ లేకపోతే?" అన్న ప్రశ్న ఆమెను రాత్రుళ్ళు పట్టుకుంటుంది. ఆ భయమే మీమీద కోపంగా కనిపిస్తోందని నాకనిపిస్తుంది. ఫోన్ ఎత్తకపోవడానికి కారణం, ఎత్తితే మీరు "ఏం కాలేదు కదా" అంటారేమోనని కూడా కావచ్చు.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, మీ ఆయన్ను పంపడం. అన్నాచెల్లెళ్ళు గంటలో కలిసిపోతారు. అప్పుడు మాట వాళ్ళిద్దరి మధ్యా తేలిపోతుంది, మీరు మాత్రం అన్న మొహం చూసి క్షమించబడిన వదినగా మిగిలిపోతారు. రెండోది, కాలానికి వదిలెయ్యడం. కొన్ని కుటుంబాల్లో అదే పనిచేస్తుంది. కానీ లెక్క చూస్తే బిడ్డకు ఇప్పుడు పది నెలలు. ఇంకో రెండు నెలల్లో పుట్టినరోజు వస్తుంది, బంధువులంతా వస్తారు. ఇన్నాళ్ళ తర్వాత మీరిద్దరూ మొదటిసారి ఎదురుపడేది ఆ జనం మధ్యలో అయితే, ఆమె ముభావంగా ఉన్నా కథే, మీరు ముభావంగా ఉన్నా కథే. పిలుపు రాకపోతే అది ఇంకా పెద్ద కథ. కాబట్టి నాకు మూడో దారి నచ్చుతుంది. పుట్టినరోజుకు ముందే, ఒక మామూలు రోజు, మీరొక్కరే వెళ్ళండి.

చేతిలో పళ్ళు ఉంటే చాలు. బొమ్మ తీసుకెళ్ళొద్దు, ఎంత జాగ్రత్తగా కుట్టిందైనా సరే. "నేను కుట్టిన బొమ్మలో తప్పుంది. గుండీ పెట్టకూడదని నాకు తెలియదు. మా పాపకు కూడా అలాంటిదే ఇచ్చి ఆడించాను. మిగతా ఇళ్ళలో ఉన్నవన్నీ పీకేసి వచ్చాను" అని చెప్పండి. ఈ చివరి మాట నిజమయ్యాకే వెళ్ళండి, దాని బరువు వేరు. "నేను ప్రేమతోనే కదా ఇచ్చింది" అనే మాట ఆ రోజు వద్దు. అది నిజమే. కానీ ఆ మాట అంటే ఆమె తన భయాన్ని పక్కనపెట్టి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆమె నాలుగు మాటలంటే పడండి. గడప దగ్గరే నిలబెట్టి పంపించినా, మీరు చెప్పాల్సింది చెప్పి వచ్చినట్టే. ఇకమీదట ఆ ఇంట్లోకి మీ బొమ్మ వద్దని ఆమె అంటే, అది ఆమె హక్కు. దాని మీద మళ్ళీ బతిమాలకండి.

అత్తగారి మాట మిమ్మల్ని ఎక్కువగా కోసింది. పేలికలు అన్నందుకు. పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు వేసిన చేతులే, బొంతలు కుట్టిన చేతులే ఆమెవి కూడా అయ్యుంటాయి. పసిబిడ్డ ఒంటికి పాత మెత్తటి గుడ్డే మంచిదని మనకు నేర్పింది ఆ తరమే. ఆమె నిజంగా పేలికల్ని అసహ్యించుకున్నారని నేను అనుకోను. హడలిపోయి, దొరికిన మాట అనేశారు. అయితే ఉత్తరమంతా వెతికినా నాకు ఒకటి కనిపించలేదు. ఆ రోజు బిడ్డను కాపాడింది మీ అత్తగారు. ఆ మాట ఆమెతో అన్నారా? "అత్తా, నువ్వు చూసి ఉండకపోతే ఏమయ్యేదో" అని ఒక్కసారి అనండి. దాంతోనే అన్నీ సర్దుకుంటాయని చెప్పలేను. కానీ అది ఆమెకు చెల్లాల్సిన మాట, ఇంకా చెల్లలేదు.

గుండీ కంటికి కనబడింది కాబట్టి ఆమె వేలితో తియ్యగలిగారు. కనబడనప్పుడు నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోవచ్చు. ఏడాదిలోపు బిడ్డ ఏడవలేక, దగ్గలేక, ఊపిరాడక ఉంటే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. బయటికి వచ్చేదాకా అలా మార్చి మార్చి చెయ్యాలి. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. మీ ఇంట్లో, ఆడబిడ్డ ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉండాలి. దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడిగితే చేసి చూపిస్తారు.

కస్టమర్ల ముక్కల సంగతి చిన్నది, తేలిగ్గా సరిచేసుకోవచ్చు. గుడ్డ వాళ్ళు తెచ్చింది కాబట్టి మిగిలిన ముక్కా వాళ్ళదే. కొలతలు తీసుకునేటప్పుడే "మిగిలింది ఇచ్చెయ్యనా, నేను ఉంచుకోనా" అని అడిగి కొలతల పుస్తకంలో రాసుకోండి. చాలామంది ఉంచుకోమనే అంటారు. పెళ్ళి బ్లౌజుల ముక్కలు మాత్రం అడక్కుండానే తిరిగిచ్చెయ్యండి. ఆ కుందేలు చెవి గురించి అడిగినామెకు క్షమించమని ఒక మాట చెప్పండి.

ఇక షాపు ఆర్డరు. మీరిచ్చిన లెక్కే తీసుకుందాం. వంద ఏనుగులంటే రెండు వందల గంటలు. షాపాయన ఇచ్చేది 6,000, అందులోంచే ఫైబర్, దారం ఖర్చులు. అదే రెండు వందల గంటల్లో మీరు వంద బ్లౌజులు కుడితే 25,000. దారంతో కళ్ళు కుట్టి, రెండు కుట్లు వేసి, లాగి చూసి ఇస్తే ఏనుగుకు రెండు గంటలు చాలవు కూడా. గుడ్డ ఊరికే వస్తోందని మీ చెయ్యి కూడా ఊరికే వస్తుందనుకున్నారు ఆయన.

డబ్బు కంటే పెద్ద అడ్డంకి ఇంకొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలి. గుర్తు లేని బొమ్మలు తయారుచేసి అమ్మినవాళ్ళే కాదు, షాపులో పెట్టినవాళ్ళు కూడా చిక్కుల్లో పడతారు. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తామే చేసి అమ్ముకునే బొమ్మలకు ఇందులో మినహాయింపు ఉంది. అలా నమోదైనవాళ్ళకు పహచాన్ కార్డు ఇస్తారు. నెల్లూరులో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి, మీరు చేసే బొమ్మలకు నమోదు దొరుకుతుందా, షాపు ద్వారా అమ్మితే మినహాయింపు వర్తిస్తుందా అని రెండూ అడగండి. రెండో ప్రశ్న మర్చిపోవద్దు. షాపాయన మీకు ఈ చట్టం గురించి ఒక్క మాటైనా చెప్పకపోవడం నాకు నచ్చలేదు.

కాబట్టి ఈ ధరకు, ఈ పరిస్థితిలో ఒప్పుకుంటే నష్టం మీకే. "కాగితాలు చూసుకుని, ధర నేనే చెబుతాను" అని కబురు పంపొచ్చు. ఆయన ఇంకొకరిని వెతుక్కోవచ్చు, దానికి సిద్ధపడండి. నమోదయ్యేదాకా బొమ్మలకు డబ్బు తీసుకోకపోవడమే క్షేమం. తెలిసినవాళ్ళకు ఒక్క బొమ్మ అమ్మినా అది అమ్మకమే.

ఈలోపు ముక్కల సంచులు ఖాళీ కావాలంటే అవే ముక్కలతో పసిపిల్లల బొంతలు, చొంగ తుడిచే గుడ్డలు, మెడకు కట్టే బిబ్బులు కుట్టి అమ్మొచ్చు. ఇవి బొమ్మల కింద రావు. బొంతకు కోతా కుట్టూ తిన్నగా ఉంటాయి కాబట్టి ఏనుగు కంటే పని తేలిక, ధర ఎక్కువ. ఆ షాపాయనకు కూడా ముందు ఒక బొంత చూపించండి. వంద ఏనుగులు అడిగిన మనిషి పది బొంతలకు మీరు చెప్పిన ధర ఇస్తాడో లేదో అప్పుడే తెలిసిపోతుంది.